ఇచ్చట ఫోటోలు తీయరాదు

మా అమ్మమ్మది ఒక్కటే ఫోటో ఉంది మా ఇంట్లో. పెళ్ళయిన కొత్తల్లో స్టూడియోలో తీయించింది. తాతయ్య చేతుల కుర్చీలో కూర్చుని ఉంటాడు, అమ్మమ్మ పక్కన నిలబడి ఉంటుంది. ఆయన ముఖం స్పష్టంగా ఉంటుంది. ఆవిడ ముఖం సగం కొంగు నీడలో ఉంటుంది. తాతయ్య పోయాక ఆవిడ ముప్ఫై ఏళ్ళకు పైగా బతికింది. ఆ ముప్ఫై ఏళ్ళలో ఒక్క ఫోటో కూడా లేదు. పెళ్ళిళ్ళలో ఫోటోగ్రాఫరు వచ్చి అందర్నీ వరసగా నిలబెడుతుంటే ఆవిడ వంటింట్లోకి వెళ్ళిపోయేది. వెళ్ళమని ఎవరూ చెప్పేవారు కాదు. రమ్మని కూడా ఎవరూ పిలిచేవారు కాదు. భర్త పోయినవాళ్ళు ఫోటోలో ఉండకూడదన్న బోర్డు మా ఇంట్లో ఏ గోడకీ లేదు గానీ, అందరూ దాన్ని చదువుకునే పెరిగాం.

నిజానికి రెండో ఫోటో ఒకటి తీశాం. 1985 మే నెలాఖరులో. ఆ ఫోటో సంగతి చెప్పాలనే ఇదంతా మొదలుపెట్టాను.

నాకు జూనియర్ లెక్చరర్‌గా మొదటి ఉద్యోగం వచ్చింది. మా ఇంట్లో పరాయి ఊరికి ఒంటరిగా వెళ్ళి ఉద్యోగం చెయ్యబోతున్న మొదటి ఆడపిల్లని నేనే. రైలెక్కించడానికి ఇంటిల్లిపాదీ వచ్చారు. అమ్మమ్మ కూడా వస్తానంది. చిన్నమావయ్య దగ్గర ఆగ్ఫా క్లిక్ త్రీ కెమెరా ఉండేది. ఒక రీలుకి పన్నెండు ఫోటోలు వచ్చే నల్లటి డబ్బా కెమెరా. పొద్దున్నించీ ఇంటి దగ్గరా, దారిలోనూ ఫోటోలు తీస్తూనే ఉన్నాడు. ప్లాట్‌ఫారం మీద నేను అమ్మమ్మ చెయ్యి పట్టుకుని లాగాను. "నాకెందుకే ఫోటో, మీరు దిగండి" అంది. "నువ్వు దిగకపోతే నేను రైలెక్కను" అన్నాను. ఆవిడ నవ్వింది. కొంగు సవరించుకుని నా పక్కన నిలబడి నా భుజం మీద చెయ్యి వేసింది. మావయ్య బటన్ నొక్కాడు.

అప్పుడే ఒక పోలీసాయన వచ్చాడు. "ఏమయ్యా, బోర్డు కనపడటం లేదా?" అన్నాడు. మేమంతా అటూ ఇటూ చూశాం. ఎక్కడో స్తంభం వెనక, ఇంగ్లీషులోనూ హిందీలోనూ ఒక రేకు బోర్డు ఉంది. అప్పటికి రెండు వారాల క్రితమే, మే 10న, ఢిల్లీలోనూ చుట్టుపక్కల ఊళ్ళలోనూ ట్రాన్సిస్టర్ బాంబులు పేలి ఎంతోమంది చనిపోయారు. ముందటి ఏడాది ఇందిరాగాంధీ హత్య జరిగింది. ఆ రోజుల్లో సంచీ కిందపెడితే చాలు, పదిమంది అనుమానంగా చూసేవారు. ఆయన భయంలో అబద్ధమేమీ లేదు. మావయ్య చేతిలోంచి కెమెరా తీసుకుని వెనక మూత తెరిచి, రీలు మొత్తం బయటికి లాగేశాడు. మే నెల మిట్టమధ్యాహ్నం ఎండలో ఆ ఫిల్ము పాములాగా ఆయన చేతిలోంచి కిందికి వేలాడింది. "ఈసారికి వదిలేస్తున్నా, పొండి" అన్నాడు. అమ్మమ్మ ఆయనతో, "మా మనవరాలు ఉద్యోగానికి పోతోంది నాయనా, అందుకని" అంది. ఆయన అప్పటికే నడిచి వెళ్ళిపోయాడు.

తర్వాతి సంక్రాంతికి అమ్మమ్మ పోయింది. ఆ చెయ్యి నా భుజం మీద వేసినట్టు సాక్ష్యం ఎక్కడా లేదు.

నేను చరిత్ర పాఠం చెప్పుకుని బతికినదాన్ని. అయినా ఆ బోర్డు చరిత్ర ఏమిటో చూడాలని చాలా ఏళ్ళు తోచలేదు. రిటైరయ్యాక, అమ్మ కూడా పోయాక, ఫోటోల పెట్టె సర్దుతుంటే ఆ ఖాళీ మళ్ళీ కనపడింది. అప్పుడు మొదలుపెట్టాను.

మన దేశంలో ఇలాంటి నిషేధాలకి మూలపురుషుడు 1923 నాటి అధికార రహస్యాల చట్టం. అంతకుముందు 1889లో ఒక చట్టం ఉండేది. 1904లో కర్జన్ కాలంలో దాన్ని ఇంకా బిగించారు. బ్రిటన్లో 1911 ఆగస్టులో జర్మన్ గూఢచారుల భయం ముమ్మరంగా ఉన్న రోజుల్లో పార్లమెంటు హడావుడిగా ఒక అధికార రహస్యాల చట్టం చేసింది. దాని అచ్చులోనే 1923లో మన చట్టాన్ని పోతపోశారు. తెల్లవాళ్ళు వెళ్ళిపోయారు, చట్టం మిగిలింది. అందులో "స్కెచ్" అన్న మాటకి అర్థం చెబుతూ, ఫోటో కూడా స్కెచ్ కిందికే వస్తుందని రాశారు. శత్రువుకి పనికొచ్చే ఉద్దేశంతో నిషిద్ధ ప్రదేశం బొమ్మ తీస్తే, అది రక్షణకి సంబంధించినదైతే 14 ఏళ్ళు, కాకపోతే 3 ఏళ్ళు శిక్ష.

చదువుతుంటే రెండు విషయాలు నన్ను ఆపేశాయి. మొదటిది, రైల్వేలు వాటంతటవే నిషిద్ధ ప్రదేశాలు కావు. ప్రభుత్వం గెజిట్లో ప్రకటించాలి. ప్రకటించాక ఆ నోటిఫికేషన్ ప్రతిని ఇంగ్లీషులోనూ, ఆ ప్రాంతపు భాషలోనూ అక్కడ అంటించాలి. తెల్లవాడు రాసిన చట్టమే స్థానిక భాషలో చెప్పమంది. మేం చూసిన బోర్డు మీద తెలుగు అక్షరం ఒక్కటి లేదు. ఉన్నా అమ్మమ్మకి చదువు రాదు, అది వేరే సంగతి. ఇక, దొరికిన ఫిల్మును అక్కడికక్కడే ఎండలో పెట్టి పాడుచెయ్యవచ్చని ఆ చట్టంలో ఏ సెక్షన్లోనూ లేదు.

రెండోది ఇంకా లోతైనది. మూడో సెక్షన్ ప్రకారం నిందితుడు ఫలానా పని చేశాడని రుజువు చెయ్యనక్కర్లేదు. పరిస్థితులని బట్టీ, నడవడికని బట్టీ, "తెలిసిన గుణగణాలని" బట్టీ అతని ఉద్దేశం చెడ్డదని అనిపిస్తే చాలు. ఆ వాక్యం చదవగానే నాకు నవ్వొచ్చింది. నడవడికా, గుణగణాలూ! ఆడవాళ్ళ మీద ఈ తూకం ఎన్ని వేల ఏళ్ళుగా నడుస్తోంది! ఏం చేసింది అన్నది కాదు, ఎలాంటిది అన్నదే విచారణ. రాజ్యం శత్రువుని కనిపెట్టడానికి వాడిన తర్కమూ, ఇల్లు ఆడదాన్ని కనిపెట్టడానికి వాడిన తర్కమూ ఇంత దగ్గరి చుట్టాలని నేను అనుకోలేదు.

నిషేధం బోర్డు గురించి చెప్పుకుంటే హోమాయ్ వ్యారావాలా గురించి చెప్పుకోక తప్పదు. 1913లో నవసారిలో పుట్టిన పార్సీ మహిళ. మన దేశపు మొదటి మహిళా ఫోటో జర్నలిస్టు. మొదట్లో ఆమె తీసిన ఫోటోలు భర్త మాణెక్‌షా పేరు మీదే అచ్చయ్యేవి. 1942లో ఢిల్లీ వచ్చి బ్రిటిష్ సమాచార విభాగంలో చేరింది. చీర కట్టుకుని, బరువైన కెమెరా సామాను మోసుకుంటూ, సైకిలు తొక్కుకుంటూ ఢిల్లీ అంతా తిరిగింది. దేశ విభజనకి ఓటు వేసిన కాంగ్రెస్ సమావేశం, ఎర్రకోట మీద మొదటి జెండా, గాంధీ అంత్యయాత్ర, ఇవన్నీ ఆమె కళ్ళతో చూశాం మనం. 1950లలో ఆమె తీసిన ఫోటో ఒకటుంది. పాలం విమానాశ్రయంలో నెహ్రూ తన చెల్లెలు విజయలక్ష్మీ పండిట్ కోసం ఎదురుచూస్తూ నిలబడి ఉంటాడు. ఆయన పక్కనే పెద్ద అక్షరాలతో బోర్డు: ఫోటోలు తీయడం ఖచ్చితంగా నిషిద్ధం.

ఆ ఫోటో చూసి అందరూ నవ్వుకుంటారు. నేనూ నవ్వుకున్నాను. విమానాశ్రయాల్లో అనుమతి లేకుండా ఫోటోలు తియ్యకూడదన్న నియమం 1937 నాటి విమాన నియమాల్లోనే ఉంది. ప్రధానమంత్రి అక్కడ నిలబడ్డప్పుడు ఆ నియమం పక్కకి తప్పుకుంది. బోర్డు అందరికీ ఒకటి కాదని ఒక ఆడమనిషి ఒక్క క్లిక్‌తో చూపించేసింది. ఆ తర్వాత మా ప్లాట్‌ఫారం గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది. పాలంలో అన్న చెల్లెలి కోసం ఎదురుచూడటం చరిత్ర అయింది. మా స్టేషన్లో అమ్మమ్మ మనవరాల్ని సాగనంపడం భద్రతకి ముప్పు అయింది. హోమాయ్ 1970లో కెమెరా పక్కనపెట్టేసింది. ఎంతో కాలం అందరూ ఆమెని మరిచిపోయారు. సబీనా గడిహోక్ ఏళ్ళ తరబడి ఆమెతో మాట్లాడి 2006లో పుస్తకం తెచ్చాకే మళ్ళీ తలుచుకున్నారు. 2011లో పద్మవిభూషణ్ వచ్చింది. 2012 జనవరిలో పోయింది. ఆడవాళ్ళ చరిత్రని ఆడవాళ్ళే తవ్వి తీయాల్సి వస్తుందన్న మాటకి ఇదొక ఉదాహరణ.

ప్రజల్ని ఫోటోలు తియ్యొద్దనే రాజ్యం తను మాత్రం తియ్యడం మానిందా? దీనికి జవాబు వెతుకుతూ వెళితే లండన్ హాలోవే జైలు దగ్గర ఆగాను. ఓటు హక్కు కోసం పోరాడిన సఫ్రజెట్లు జైల్లో ఫోటో దిగడానికి ఒప్పుకునేవారు కాదు. ముఖం తిప్పేసుకునేవారు, కళ్ళు మూసుకునేవారు. దాంతో 1913లో బ్రిటిష్ హోం శాఖ 11 అంగుళాల దూరపు లెన్స్ కొనిచ్చి, జైలు ఆవరణలో ఒక బండి లోపల ఫోటోగ్రాఫర్ని దాచిపెట్టింది. వ్యాయామం కోసం ఆ స్త్రీలు నడుస్తుంటే వాళ్ళకి తెలియకుండా ఫోటోలు తీయించింది. ఆ ఫోటోల పట్టీలు మ్యూజియంలకీ చిత్రశాలలకీ పంపారు. 1914 మార్చిలో మేరీ రిచర్డ్‌సన్ నేషనల్ గ్యాలరీలో వెలాస్కెజ్ గీసిన వీనస్ చిత్రాన్ని కత్తితో చీల్చాక ఈ పట్టీల గిరాకీ ఇంకా పెరిగింది. మాంచెస్టర్ చిత్రశాల మీద దాడి చేసిన ఎవలిన్ మానెస్టా ఫోటో మరీ ఘోరం. ఆమె తల కదలకుండా వార్డరు మెడ చుట్టూ చెయ్యి బిగించి పట్టుకుంటే ఫోటో తీశారు. బయటికి పంపిన ప్రతిలో ఆ చెయ్యి లేదు. చెయ్యి ఉన్నచోట మెడకి గుడ్డ చుట్టుకున్నట్టు దిద్దేశారు.

ఆ రెండు ప్రతులూ పక్కపక్కన చూసినప్పుడు నాకు మా ఫిల్ము గుర్తొచ్చింది. ఒకచోట రాజ్యం చెయ్యిని చెరిపేశారు, ఒకచోట అమ్మమ్మ చెయ్యిని చెరిపేశారు. చెరపడానికి పెద్ద కుట్రలేమీ అక్కర్లేదు. ఎవరి చేతిలో అధికారం ఉందో వాళ్ళకి కాస్త ఎండో, కాస్త రంగో చాలు.

అదే లండన్లో, తొంభై ఏళ్ళ తర్వాత, 2003 సెప్టెంబరులో డాక్‌లాండ్స్‌లో ఆయుధాల ప్రదర్శన జరిగింది. దానికి వ్యతిరేకంగా జరుగుతున్న నిరసనని చిత్రీకరించడానికి పెన్నీ క్వింటన్ అనే జర్నలిస్టు వెళ్ళింది. ప్రెస్ కార్డు చూపించినా పోలీసులు ఆపి సోదా చేశారు, చిత్రీకరణ ఆపెయ్యమన్నారు. 2000 నాటి ఉగ్రవాద చట్టం 44వ సెక్షన్ ప్రకారం అనుమానానికి కారణం చూపనక్కర్లేకుండానే ఎవరినైనా ఆపవచ్చు. ఆ సోదా అయిదు నిమిషాలని పోలీసు రికార్డు చెప్పింది, తనకి అరగంట అనిపించిందని ఆమె చెప్పింది. రికార్డు కాలమూ, ఒంటిమీద చేతులు పడుతున్న మనిషి కాలమూ ఒకటి కావు కదా! ఆమె, అక్కడే ఆపబడ్డ కెవిన్ గిలాన్ అనే విద్యార్థీ కలిసి ఆరేళ్ళు పోరాడారు. బ్రిటన్ కోర్టులన్నింటిలోనూ ఓడిపోయారు. 2010 జనవరి 12న యూరోపియన్ మానవ హక్కుల కోర్టు వాళ్ళవైపు తీర్పు చెప్పింది. ఆ అధికారాన్ని 2012లో రద్దుచేశారు. ఈలోగా ఎంతమంది ఫోటోగ్రాఫర్లు కెమెరా సంచీలో దాచుకుని ఇంటికి వెళ్ళిపోయారో లెక్క ఎవరి దగ్గరా ఉండదు.

ఇక మన దగ్గరికి వస్తాను. 2007లో మా జిల్లా కేంద్రంలో ఒక ధర్నా చేశాం. గృహహింస చట్టం 2006 అక్టోబరులో అమల్లోకి వచ్చింది గానీ, ప్రొటెక్షన్ ఆఫీసరు ఎవరో, ఎక్కడ కూర్చుంటారో ఎవరికీ తెలీదు. అరవై మందిమి ఉంటాం. ఒకాయన చేతిలో వీడియో కెమెరాతో వరస చివర్నించి మొదలుపెట్టి ఒక్కొక్కరి ముఖం దగ్గర ఆగి తీసుకుంటూ వచ్చాడు. మొగుడి దెబ్బలకి కన్ను వాచి, అత్తింటికి తెలియకుండా వచ్చిన పిల్ల ఒకామె మాలో ఉంది. కొంగు ముఖం మీదికి లాక్కుంది. ఆయన కొంగు తీసేదాకా అక్కడే నిలబడ్డాడు. "ఎందుకండీ తీస్తున్నారు?" అని అడిగాను. "రికార్డుకి మేడమ్" అన్నాడు. మా వెనక ఉన్న డిగ్రీ అమ్మాయి కొత్తగా కొన్న సెల్‌ఫోన్ తీసి ఆయన్ని ఫోటో తీసింది. వెంటనే కేక వినపడింది: "ఏయ్, ఫోటోలు తియ్యకూడదు!"

ఆ ఏడాదే మేలో మక్కా మసీదులో, ఆగస్టులో లుంబినీ పార్కులో, గోకుల్ చాట్ దగ్గర బాంబులు పేలాయి. 2013 ఫిబ్రవరిలో దిల్‌సుఖ్‌నగర్ పేలుళ్ళు. అదే ఏడాది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన ప్రజాభద్రత చట్టం జనం గుమికూడే దుకాణాలూ ఆస్పత్రులూ విద్యాసంస్థలూ కెమెరాలు పెట్టి తీరాలంది. చనిపోయినవాళ్ళని తలుచుకుంటే ఈ చట్టాలని ఒక్కమాటతో కొట్టిపారెయ్యలేను. దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సు కోసం నిలబడినవాళ్ళలో నా విద్యార్థులూ ఉండి ఉండవచ్చు. కానీ కెమెరా ఒకసారి స్తంభం ఎక్కాక కిందికి దిగదు. 2022 ఆగస్టులో బంజారాహిల్స్‌లో పోలీసు కమాండ్ కంట్రోల్ సెంటరు తెరిచారు. అంతకుముందు 2021 మేలో, లాక్‌డౌన్ సమయంలో, పోలీసులు ఒక సామాజిక కార్యకర్తని నడిరోడ్డు మీద ఆపి, మాస్కు తియ్యమని, ముఖం ఫోటో తీశారు. ముఖాల్ని గుర్తుపట్టే యంత్రాల్ని ఏ చట్టం ప్రకారం వాడుతున్నారో చెప్పమని ఆయన తెలంగాణ హైకోర్టుకి వెళ్ళాడు. 2022 జనవరిలో కోర్టు ప్రభుత్వానికి నోటీసులిచ్చింది.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది, రావాలి కూడా. "మరి ఆడవాళ్ళని చాటుగా ఫోటోలు తీసే మగవాళ్ళ సంగతేమిటి? నిషేధం వాళ్ళకి మంచిదే కదా?" అని నా స్నేహితురాలు అడిగింది. బస్టాపులో, బీచిలో, బట్టలు మార్చుకునే గదిలో సెల్‌ఫోన్‌కి భయపడని ఆడపిల్ల ఉందా? ఉంది ఆ భయం, నాకూ ఉంది. అందుకే 2013లో శిక్షాస్మృతిలో 354సి చేర్చినప్పుడు సంతోషించాం. ఇప్పుడది 2024 జులై నుంచి భారతీయ న్యాయ సంహితలో 77వ సెక్షన్‌గా ఉంది. కానీ ఆ చట్టం కాపాడేది ఒక మనిషి ఏకాంతాన్ని. స్టేషన్లో బోర్డు కాపాడేది ఇనుప గడ్డర్లని. నలభై ఏళ్ళుగా బోర్డులు చూస్తున్నాను. "ఇచ్చట ఆడవాళ్ళని అనుమతి లేకుండా ఫోటోలు తీయరాదు" అన్న బోర్డు నాకు ఏ వంతెన మీదా కనపడలేదు. రెండింటినీ ఒకే గాటన కట్టి, మన భయాన్ని చూపించి మన చేతిలో కెమెరానే లాక్కోవడం కుదరదు.

ఆ లాక్కోవడం ఎంతదాకా వెళుతుందో కాశ్మీర్‌లో చూస్తున్నాం. 2020 ఏప్రిల్లో మస్రత్ జహ్రా అనే యువ ఫోటో జర్నలిస్టు మీద, తను తీసిన ఫోటోల్ని సామాజిక మాధ్యమాల్లో పెట్టినందుకు, ఉపా చట్టం కింద కేసు పెట్టారు. 2022 అక్టోబరులో సన్నా ఇర్షాద్ మట్టూ పులిట్జర్ బహుమతి అందుకోవడానికి న్యూయార్క్ వెళుతుంటే ఢిల్లీ విమానాశ్రయంలో ఆపేశారు. వీసా ఉంది, టికెట్టు ఉంది. కారణం చెప్పలేదు. ఒకప్పుడు పాలంలో బోర్డు పక్కన ఒక స్త్రీ కెమెరాతో ధీమాగా నిలబడింది. అదే ఊరి విమానాశ్రయంలో ఇప్పుడు ఇంకో స్త్రీకి విమానమెక్కే దారే లేదు.

1986లో స్త్రీశక్తి సంఘటన వాళ్ళు "మనకు తెలియని మన చరిత్ర" తెచ్చినప్పుడు నేను ఉద్యోగంలో కొత్త. తెలంగాణ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటలు వాళ్ళ నోటివెంటే విని రాసిన పుస్తకమది. ఫోటో లేనిచోట, దస్తావేజు లేనిచోట మాటే సాక్ష్యమని నేర్చుకున్నాను. ఈమధ్య ఆ పాఠం నా ఇంటికే వాడుకున్నాను. చెల్లెలికి ఫోన్ చేసి, ఆ రీలులో ఏమేం ఉన్నాయో ఇద్దరం కలిసి గుర్తు తెచ్చుకుని ఒక కాగితం మీద రాశాం.

ఒకటి, వీధరుగు మీద నేనూ చెల్లెలూ. రెండు, నూతి దగ్గర అమ్మ, చెంగుతో చేతులు తుడుచుకుంటూ. మూడు, సైకిలు పట్టుకుని నాన్న. నాలుగు, రిక్షాలో నా ట్రంకుపెట్టె. అయిదు, స్టేషను బయట వేపచెట్టు కింద అందరం. ఆరు, బెంచీ మీద అమ్మా, చెల్లెలూ. ఏడు, నేనొక్కదాన్నీ, ఉద్యోగం ఆర్డరు చేత్తో పట్టుకుని. ఎనిమిది, అమ్మా నేనూ. తొమ్మిది, అమ్మమ్మ. తెల్ల చీర. చెయ్యి నా భుజం మీద. ముఖం మీద కొంగు నీడ లేదు, నవ్వుతోంది.

మిగతా మూడూ తీశామో లేదో ఇద్దరికీ గుర్తులేదు. చెప్పడానికి మావయ్య లేడు. ఆ కాగితాన్ని ఫోటోల పెట్టెలో, తాతయ్య కుర్చీలో కూర్చున్న ఫోటో పక్కన పెట్టాను.